రూట్ కూడా లోపలికి తోయలేని డిస్క్

2017 మేలో వానాక్రై ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రామ్) ప్రపంచమంతా తిరిగి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నింటిని కూడా తాకింది. అది విండోస్ గొడవ కాబట్టి లినక్స్ సర్వర్లు నడిపేవాళ్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. నెల తిరిగేసరికి దక్షిణ కొరియాలో నయానా అనే వెబ్ హోస్టింగ్ కంపెనీకి చెందిన 153 లినక్స్ సర్వర్లను ఎరెబస్ అనే మరో ర్యాన్సమ్‌వేర్ ఎన్‌క్రిప్ట్ చేసేసింది. వాటి మీద నడుస్తున్న 3,400కు పైగా సైట్లు ఆగిపోయాయి. వాళ్లు బ్యాకప్ తీసుకోకపోవడం వల్ల వచ్చిన కష్టం కాదది. బ్యాకప్‌లు ఉన్నాయి, అసలు డేటాతో పాటు అవీ ఎన్‌క్రిప్ట్ అయిపోయాయి. చివరికి బేరమాడి సుమారు 10 లక్షల డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది.

సర్వర్‌లో రూట్ అధికారం, అంటే ఏ పనైనా చేయగలిగే పూర్తి అధికారం, దొంగ చేతికి చిక్కిందనుకోండి. అప్పుడు ఏ బ్యాకప్ మిగులుతుంది? వెనక పోర్టులో ఎప్పుడూ గుచ్చి ఉండే యూఎస్‌బీ డిస్క్ మిగలదు. అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి) ఉన్నా సరే, రూట్‌కి మళ్లీ మౌంట్ చేయడం (ఒక ఫోల్డర్‌కి కలపడం) ఒక్క కమాండ్ పని. పక్క గదిలోని నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌లో పెట్టిన డిస్క్‌ల పెట్టె) పాస్‌వర్డు ఆ సర్వర్‌లోనే ఏదో ఒక ఫైల్లో ఉంటుంది. క్లౌడ్‌లో చెరపడానికి వీల్లేని పద్ధతిలో పెట్టుకుంటే అది నిలబడుతుంది గానీ, రెండు టెరాబైట్లు వెనక్కి దించుకోవడానికి ఎన్ని రోజులు పడుతుందో మన ఇంటర్నెట్ లైన్‌ని బట్టి లెక్క వేసుకోవాలి.

క్యాసెట్‌లా డిస్క్‌ని పెట్టి తీసే కార్ట్రిడ్జ్ డ్రైవ్ సంగతి వేరు. బ్యాకప్ పూర్తయ్యాక స్క్రిప్ట్ ఇజెక్ట్ కమాండ్ ఇస్తే డ్రైవ్‌లోని మోటారు కార్ట్రిడ్జ్‌ని బయటికి తోసేస్తుంది. దాన్ని మళ్లీ లోపలికి లాక్కునే కమాండ్ లేదు. మనిషి వచ్చి చేత్తో నెట్టాల్సిందే. మామూలు యూఎస్‌బీ డిస్క్ కంటే ఇంత ఎక్కువ డబ్బు పెట్టి దీన్ని కొనేది ప్రధానంగా ఈ ఒక్క గుణం కోసమే. అయితే లినక్స్‌లో ఆ గుణం ఊరికే దక్కదు. సెటప్ సరిగ్గా లేకపోతే కార్ట్రిడ్జ్ ఉండీ లేనట్టే.

ముందు హెడ్‌లు ఎక్కడున్నాయో చూడాలి

తీసి పెట్టే డిస్క్‌లన్నీ ఒకే జాతి కాదు. కొనేటప్పుడు అందరూ ఎన్ని జీబీలు అని అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సింది, చదివి రాసే హెడ్‌లు డ్రైవ్‌లో ఉన్నాయా, కార్ట్రిడ్జ్‌లోనే ఉన్నాయా అని.

1990ల మధ్యలో అయోమెగా కంపెనీ తెచ్చిన జిప్, ఆ వెంటనే వచ్చిన జాజ్, వాటికి పోటీగా సైక్వెస్ట్ అమ్మిన కార్ట్రిడ్జ్‌లు, ఇవన్నీ పాత టేప్‌రికార్డర్ పద్ధతి. క్యాసెట్‌లో టేపు మాత్రమే ఉంటుంది, హెడ్ యంత్రంలో ఉంటుంది. అందువల్ల కార్ట్రిడ్జ్ చవకగా వస్తుంది. జిప్‌లో 100 ఎంబీ, జాజ్‌లో 1 జీబీ పట్టేవి. చిక్కేమిటంటే, హెడ్ ఒకసారి దెబ్బతిన్నాక లోపలికి వచ్చే డిస్క్‌లను పాడుచేయడం మొదలుపెడుతుంది. అలా పాడైన డిస్క్ చదవడం లేదని బాగున్న ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూస్తే, ఆ డ్రైవ్ హెడ్ కూడా పోయే ప్రమాదం ఉండేది. టకటకమని శబ్దం వచ్చి డిస్క్ పోవడాన్ని జనం క్లిక్ ఆఫ్ డెత్ అన్నారు. 1998లో దీని మీద అమెరికాలో అయోమెగాపై క్లాస్ యాక్షన్ దావా కూడా పడింది. బ్యాకప్ చదవకపోతే ఎవరైనా చేసే మొదటి పని ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడటమే. ఇక్కడ ఆ పనే నష్టాన్ని పెంచింది.

2004లో అదే కంపెనీ తెచ్చిన రెవ్ సగం దూరం వచ్చింది. పళ్లెం, దాన్ని తిప్పే మోటారు కార్ట్రిడ్జ్‌లోకి చేరాయి గానీ హెడ్‌లు మాత్రం డ్రైవ్‌లోనే ఉండిపోయాయి. అసలు కెపాసిటీ 35 జీబీ అయితే 90 జీబీ అని కూడా చెప్పుకునేవాళ్లు. అది డేటా బాగా కుదించుకుపోతే వచ్చే లెక్క. ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన కాగితాలు ఉన్న ఆఫీసులో అదేమీ కుదించుకుపోదు. లినక్స్‌కి రెవ్ హార్డ్ డిస్క్‌లా కాకుండా ఆప్టికల్ డ్రైవ్‌లా కనిపించేది, ఫైల్ సిస్టమ్ కూడా డీవీడీల్లో వాడే యూడీఎఫ్. 2008లో అయోమెగాను ఈఎంసీ అనే స్టోరేజ్ కంపెనీ కొనేసింది. కొన్నేళ్లకే రెవ్ మార్కెట్లోంచి వెళ్లిపోయింది. పాత రెవ్ కార్ట్రిడ్జ్‌లు బీరువాలో ఉన్నవాళ్లకి ఇప్పుడు కావాల్సింది పనిచేసే పాత డ్రైవ్. కార్ట్రిడ్జ్ ఎంత భద్రంగా ఉన్నా అది లేకుండా ఉపయోగం లేదు.

ఇవాళ లినక్స్ సర్వర్‌కి కార్ట్రిడ్జ్ డ్రైవ్ అంటే ఆచరణలో ఆర్‌డీఎక్స్ అనే అర్థం. ప్రోస్టార్ సిస్టమ్స్ అనే అమెరికన్ కంపెనీ దీన్ని తయారుచేసింది, 2011లో ఆ వ్యాపారం టాండ్‌బర్గ్ డేటా చేతికి వెళ్లింది. డెల్ దీన్నే ఆర్‌డీ1000 పేరుతో అమ్మింది, హెచ్‌పీ కూడా అమ్మింది. ఇందులో కార్ట్రిడ్జ్ అంటే దెబ్బలు తట్టుకునే గట్టి పెట్టెలో బిగించిన పూర్తి 2.5 అంగుళాల సాటా డిస్క్. పళ్లెం, మోటారు, హెడ్‌లు అన్నీ అందులోనే. డాక్‌లో (కార్ట్రిడ్జ్‌ని నెట్టే డ్రైవ్ పెట్టెలో) ఉండేది కనెక్టరు, ఇజెక్ట్ మోటారు, యూఎస్‌బీకి మార్చే చిన్న సర్క్యూట్, అంతే. కాబట్టి డాక్ చెడిపోతే డేటాకి ఏమీ కాదు, ఒక కార్ట్రిడ్జ్ చెడిపోతే ఇంకోదానికి అంటదు. కొత్త పెద్ద కార్ట్రిడ్జ్‌లు పాత డాక్‌లో, పాత చిన్నవి కొత్త డాక్‌లో పనిచేయడానికి కారణం కూడా ఇదే. టేపుల్లో ఈ సుఖం లేదు. ఎల్‌టీఓ రకం బ్యాకప్ టేపుల్లో ఎనిమిదో తరమైన ఎల్‌టీఓ-8 డ్రైవ్ తన తరం టేపు కాక ఒక్క తరం వెనకటి టేపునే చదువుతుంది.

మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద పడినా తట్టుకుంటుందని, షెల్ఫ్‌లో పదేళ్లు నిలుస్తుందని తయారీదారులు చెబుతారు. మొదటి మాట నమ్మొచ్చు. పదేళ్ల మాటని మాత్రం నేను సగానికి సగం తగ్గించుకుని వింటాను. లోపల ఉన్నది ఎంతైనా తిరిగే హార్డ్ డిస్కే కదా.

డ్రైవర్ తంటా లేదు, అదే తంటా

జిప్ రోజుల్లో లినక్స్ వాళ్లకి అసలు డ్రైవ్ కనిపించడమే పెద్ద పని. ప్రింటర్ పోర్టుకి తగిలించే జిప్‌కి పాతదైతే పీపీఏ, తర్వాతి రకమైతే ఐఎమ్ఎమ్ అనే వేరు వేరు కెర్నల్ మాడ్యూళ్లు (లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌కి తగిలించే డ్రైవర్లు) కావాలి. కంపెనీ నుంచి వచ్చిన డిస్క్‌లో ఉన్న ఒకే ఒక్క పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) నంబరు 1 కాదు, 4. ఎస్‌డీఏ1 (ఎస్‌డీఏ అని లినక్స్ పేరు పెట్టిన డిస్క్‌లో 1వ పార్టిషన్) మౌంట్ కావడం లేదని తల పట్టుకున్నవాళ్లకి ఎవరో ఒకరు ఎస్‌డీఏ4 అని చెప్పాల్సి వచ్చేది.

ఆర్‌డీఎక్స్‌కి అదేమీ అక్కర్లేదు. యూఎస్‌బీ కేబుల్ గుచ్చగానే మామూలు డిస్క్‌లా ఎస్‌డీబీ అని వచ్చేస్తుంది. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కానీ ఇది మామూలు డిస్క్ కాదు. మామూలు డిస్క్‌లో యంత్రం, డేటా ఒకటే. ఇక్కడ యంత్రం సర్వర్ దగ్గరే ఉంటుంది, డేటా వచ్చి పోతూ ఉంటుంది. కార్ట్రిడ్జ్ లేని డాక్ కూడా ఎస్‌డీబీగానే కనిపిస్తుంది, సిస్ డైరెక్టరీలోకి వెళ్లి దాని సైజు చూస్తే సున్నా ఉంటుంది. కార్ట్రిడ్జ్ నెట్టగానే, రెండు సెకన్లకోసారి లోపల ఏమైనా ఉందా అని డ్రైవ్‌ని అడుగుతూ ఉండే కెర్నల్‌కి సంగతి తెలుస్తుంది, పార్టిషన్ పట్టిక చదువుతుంది, ఎస్‌డీబీ1 పుడుతుంది. సోమవారం కార్ట్రిడ్జ్ తీసి మంగళవారం కార్ట్రిడ్జ్ పెడితే అదీ ఎస్‌డీబీ1 గానే వస్తుంది. పేరు చూసి ఏది లోపల ఉందో చెప్పలేం. వచ్చే చిక్కులన్నీ ఇక్కడి నుంచే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఖాళీ మౌంట్ పాయింట్. బ్యాకప్ అనే ఫోల్డర్ మీద కార్ట్రిడ్జ్ మౌంట్ అవ్వాలి. ఆ రోజు ఎవరూ కార్ట్రిడ్జ్ పెట్టలేదు. రాత్రి ఒంటి గంటకి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్ మొదలవుతుంది. దానికి మౌంట్ అయిందా లేదా అన్నది పట్టదు. ఫోల్డర్ ఉంది, రాయడానికి అనుమతి ఉంది, రాసుకుంటూ పోతుంది. అలా సర్వర్ డేటా మొత్తం సర్వర్ రూట్ డిస్క్ మీదకే కాపీ అవుతుంది. చోటు ఉంటే ఏ ఎర్రరూ లేకుండా ముగుస్తుంది, పొద్దున్నే బ్యాకప్ సక్సెస్ అని మెయిల్ వస్తుంది. చోటు లేకపోతే రూట్ నిండిపోయి తెల్లారేసరికి డేటాబేస్ ఆగిపోయి ఉంటుంది. నిజానికి ఈ రెండోదే నయం, కనీసం ఏదో తేడా జరిగిందని తెలుస్తుంది.

దీనికి మందు రెండు చోట్ల వేయాలి. స్క్రిప్ట్ మొదటి వరుసలోనే మౌంట్‌పాయింట్ కమాండ్‌తో తనిఖీ చేసి, మౌంట్ కాకపోతే అక్కడికక్కడే ఆగి గోల చేయాలి. అది కాక, ఏమీ మౌంట్ కాని సమయంలో ఆ ఖాళీ ఫోల్డర్ మీద చాటర్ కమాండ్‌తో మార్పులేని గుర్తు పెట్టేయాలి. ఇక ఆ ఖాళీ ఫోల్డర్‌లో రూట్ కూడా పొరపాటున ఫైల్ సృష్టించలేడు, కార్ట్రిడ్జ్ మౌంట్ అయినప్పుడు మాత్రం ఆ గుర్తు ఉన్న ఫోల్డర్ దాని కింద మరుగునపడిపోయి మామూలుగా రాయొచ్చు. రేపు ఇంకెవరో స్క్రిప్ట్ మార్చి తనిఖీ వరుస తీసేసినా ఇది కాపాడుతుంది. బోర్గ్, రెస్టిక్ లాంటి బ్యాకప్ పనిముట్లు వాడితే ఈ గండం కొంత తక్కువ. రిపోజిటరీ (అవి బ్యాకప్ దాచుకునే ఫోల్డర్) కనబడకపోతే అవే ఆగిపోతాయి.

ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో రాసేటప్పుడు నోఆటో (దానంతటది మౌంట్ చేయొద్దు), నోఫెయిల్ (డిస్క్ లేకపోయినా ఆగొద్దు) రెండూ పెట్టాలి. లేకపోతే ఏ అర్ధరాత్రో కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేశాక సర్వర్ మళ్లీ లేచేటప్పుడు, ఇజెక్ట్ అయి ఉన్న కార్ట్రిడ్జ్ కోసం సర్వర్‌ని లేపే సిస్టమ్‌డీ ప్రోగ్రామ్ తొంభై సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. ఆఫీసు తెరిచాక మానిటరు తగిలించి చూస్తే గానీ ఎందుకు లేవలేదో తెలీదు.

గుర్తింపుకి ఎస్‌డీబీ1 అనే పేరు కాకుండా యూయూఐడీ, అంటే ఫార్మాట్ చేసినప్పుడు ఒక్కో డిస్క్‌కి పడే ప్రత్యేక సంఖ్య, వాడాలి. అన్ని కార్ట్రిడ్జ్‌లకీ ఒకే లేబుల్ పెట్టేస్తే మౌంట్ చేయడం తేలికే గానీ, అలా చేస్తే బద్ధకం వల్ల ఒకే కార్ట్రిడ్జ్ నెల రోజులుగా డాక్‌లోకి వెళ్లి వస్తోందన్న సంగతి ఎవరికీ తెలియదు. నా ఓటు వేరు వేరు లేబుళ్లకే. స్క్రిప్ట్ దగ్గర అనుమతి ఉన్న యూయూఐడీల జాబితా ఉండాలి, ఏ రోజు ఏది వచ్చిందో లాగ్‌లో పడాలి, నిన్నటిదే మళ్లీ వస్తే మెయిల్‌లో ఆ మాట చెప్పాలి.

పెట్టగానే మొదలవ్వాలంటే

కార్ట్రిడ్జ్ నెట్టగానే బ్యాకప్ దానంతటదే మొదలై, అయిపోగానే దానంతటదే బయటికి రావాలి. ఆఫీసులో లినక్స్ తెలియని మనిషి రోజూ చేసే పని ఇదొక్కటే కావాలి. అలా చేస్తే కార్ట్రిడ్జ్ సర్వర్‌కి అందుబాటులో ఉండేది బ్యాకప్ నడిచినంత సేపే. రాత్రి టైమర్ మీద నడిపిస్తే సాయంత్రం నుంచి లోపలే ఉంటుంది, దొంగకి అంత సమయం దొరుకుతుంది. పగలు డిస్క్ మీద భారం పడుతుందనే మాట నిజమే గానీ, రోజుకి మారే డేటా కొద్దిగా ఉండే చిన్న ఆఫీసులో అది పెద్దగా తెలియదు.

దీనికి అందరూ మొదట చేసేది యూడెవ్ (పరికరం తగిలినప్పుడు స్పందించే లినక్స్ భాగం) రూల్ రాసి, అందులో రన్ దగ్గర స్క్రిప్ట్ పేరు పెట్టడం. చేత్తో నడిపితే బ్రహ్మాండంగా పనిచేసే స్క్రిప్ట్ అక్కడ పెడితే పనిచేయదు. కారణాలు రెండు. ఎక్కువసేపు నడిచే పనిని యూడెవ్ మధ్యలోనే చంపేస్తుంది. పైగా సిస్టమ్‌డీ ఉన్న లినక్స్ రకాల్లో యూడెవ్ తన సొంత మౌంట్ ప్రపంచంలో నడుస్తుంది కాబట్టి, అక్కడ చేసిన మౌంట్ బయట మిగతా సిస్టమ్‌కి కనిపించదు. రూల్ చేయాల్సింది ఒక్కటే, ఫలానా యూయూఐడీ వచ్చింది కాబట్టి ఫలానా సర్వీసు లేపు అని సిస్టమ్‌డీకి చెప్పడం. మౌంట్, బ్యాకప్, ఇజెక్ట్ అన్నీ ఆ సర్వీసు చూసుకుంటుంది.

ఇజెక్ట్ బటన్ నొక్కినా రావడం లేదు, డ్రైవ్ పాడైందేమో అన్న ఫిర్యాదు కూడా తరచూ వస్తుంది. చాలాసార్లు అది పాడవడం కాదు. తీయగలిగే డిస్క్‌ని ఏదైనా ప్రోగ్రామ్ తెరిచి ఉంచినంతసేపు కెర్నల్ ఆ డ్రైవ్‌కి తలుపు తీయొద్దని ఆదేశం ఇస్తుంది. రాసిన డేటా కొంత ఇంకా మెమరీలోనే ఉండొచ్చు కాబట్టి అది మంచిదే. అన్‌మౌంట్ అయితే తలుపు తెరుచుకుంటుంది. అన్‌మౌంట్ చేసినా రాకపోతే, డిస్క్ మొత్తానికి తాళం వేసే లక్స్ ఎన్‌క్రిప్షన్ పొర ఇంకా తెరిచే ఉందన్నమాట. వరుస ఎప్పుడూ అన్‌మౌంట్, ఆ తర్వాత క్రిప్ట్‌సెటప్ క్లోజ్, ఆ తర్వాతే ఇజెక్ట్. డాక్‌కి గుండుసూదితో పొడిచే అత్యవసర రంధ్రం ఉంటుంది, కానీ అది కరెంటు లేనప్పటి కోసం, తొందర కోసం కాదు.

ఎన్‌క్రిప్షన్ ఎందుకు అనుకోకండి. స్కూటర్ డిక్కీలో ఇంటికి వెళ్లే కార్ట్రిడ్జ్‌లో ఆఫీసు లెక్కలన్నీ ఉంటాయి. అయితే లక్స్ తాళం చెవి ఫైల్ సర్వర్‌లో మాత్రమే ఉంటే, సర్వర్ కాలిపోయిన రోజున కార్ట్రిడ్జ్ ఉన్నా చదవలేం. లక్స్‌లో ఒకే డిస్క్‌కి ఒకటి కంటే ఎక్కువ తాళాలు పెట్టుకోవచ్చు. ఒకటి సర్వర్ వాడుకునే చెవి ఫైల్, ఇంకోటి మనిషి టైపు చేయగలిగే పాస్‌ఫ్రేజ్. ఆ రెండోది కాగితం మీద రాసి యజమాని లాకర్‌లో పెట్టాలి.

ఫార్మాట్ విషయం త్వరగా తేల్చేద్దాం. కొత్త కార్ట్రిడ్జ్‌లు సాధారణంగా ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో వస్తాయి. అలాగే వాడితే లినక్స్ ఫైళ్ల యజమాని, అనుమతుల వివరాలు సరిగ్గా నిలవవు. ఈఎక్స్‌టీ4 చేసుకోండి. అది రూట్ కోసం 5 శాతం చోటు పక్కన పెట్టేస్తుంది, 2 టీబీ కార్ట్రిడ్జ్‌లో అది 100 జీబీ. బ్యాకప్ డిస్క్‌కి ఆ నిల్వతో పని లేదు, ఫార్మాట్ చేసేటప్పుడే సున్నా పెట్టేయొచ్చు.

ప్రతి కార్ట్రిడ్జ్ ఒంటరిగా నిలబడాలి

మూడు కార్ట్రిడ్జ్‌లు తిరుగుతున్నప్పుడు బ్యాకప్ పద్ధతి కూడా దానికి తగ్గట్టు మారాలి. ఇక్కడ పాత టేపుల అలవాటు కొంప ముంచుతుంది. ఆదివారం పూర్తి బ్యాకప్, మిగతా రోజులు మారినవి మాత్రమే అని టార్ అనే పాత మూటకట్టే ప్రోగ్రామ్‌తో పెట్టుకుంటే, ఏది మారిందో గుర్తుపెట్టుకునే ఫైల్ సర్వర్‌లో ఉంటుంది, ముక్కలు మాత్రం మూడు కార్ట్రిడ్జ్‌ల మీదకి చెదిరిపోతాయి. బుధవారం నాటి స్థితి కావాలంటే ఆదివారం, సోమవారం, మంగళవారం కార్ట్రిడ్జ్‌లు కూడా బాగుండాలి. ఒకటి పోతే మిగతావి ఉన్నా లాభం లేదు. మూడు కాపీలు ఉన్నాయనుకుంటాం, నిజానికి ఉన్నది మూడు ముక్కలుగా చేసిన ఒకే కాపీ.

ఆర్‌సింక్ లింక్‌డెస్ట్ పద్ధతి దీనికి బాగా నప్పుతుంది. మారని ఫైళ్లకి హార్డ్ లింకులు (ఒకే ఫైల్‌కి ఇంకో పేరు) వేసి, మారినవాటినే కాపీ చేసి, ప్రతి రోజుకీ పూర్తి ఫోల్డర్ కనబడేలా చేస్తుంది. హార్డ్ లింకులు ఒకే ఫైల్ సిస్టమ్ లోపలే సాధ్యం కాబట్టి ఏ కార్ట్రిడ్జ్‌కి ఆ కార్ట్రిడ్జే పూర్తిగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త ఉంది. స్క్రిప్ట్‌లో నిన్నటి తేదీ ఫోల్డర్‌తో పోల్చమని రాస్తే పనికిరాదు. ఈ కార్ట్రిడ్జ్ చివరిసారి వచ్చింది మూడు రోజుల కిందట, నిన్నటి ఫోల్డర్ దీంట్లో లేదు. ఆ ఫోల్డర్ లేకపోతే ఆర్‌సింక్ ఆగదు, ఒక హెచ్చరిక చెప్పి మొత్తం డేటా కొత్తగా కాపీ చేస్తుంది. రెండు వారాల్లో కార్ట్రిడ్జ్ నిండిపోతుంది, ఎందుకు నిండిందో ఎవరికీ అర్థం కాదు. కార్ట్రిడ్జ్‌లో ఉన్న ఫోల్డర్లలో అన్నిటికంటే కొత్తది ఏదో చూసి దానితో పోల్చాలి.

బోర్గ్ వాడేవాళ్లు ఒక రిపోజిటరీ తయారుచేసి దాన్నే మిగతా కార్ట్రిడ్జ్‌లకి కాపీ కొట్టకూడదు. ఒకే గుర్తింపు ఉన్న రెండు ఎన్‌క్రిప్టెడ్ రిపోజిటరీల్లోకి విడివిడిగా రాయడం వల్ల ఎన్‌క్రిప్షన్ బలహీనపడుతుందని ఆ ప్రాజెక్టు వాళ్లే హెచ్చరిస్తారు. ప్రతి కార్ట్రిడ్జ్‌లో విడిగా మొదలుపెట్టాలి. బాకులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడే పెద్ద సెటప్‌లలో వీచేంజర్ అనే స్క్రిప్ట్ ఉంది, మారుతూ ఉండే డిస్క్‌లని బాకులాకి టేప్ లైబ్రరీలా చూపిస్తుంది. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌లో 2024లో వచ్చిన 3.3 వెర్షన్ నుంచి తీసి పెట్టే డేటాస్టోర్ (బ్యాకప్ నిల్వ డిస్క్) సౌకర్యం ఉంది కాబట్టి, అది నడిపేవాళ్లు ఇదంతా సొంతంగా రాసుకోనక్కర్లేదు.

ఇంత చదివాక ఎవరైనా అడగొచ్చు, ఇదే డబ్బుతో అరడజను యూఎస్‌బీ డిస్క్‌లు వస్తాయి కదా అని. ఇంటి సర్వర్‌కి అయితే నేనూ అదే చెబుతాను. రెండు యూఎస్‌బీ డిస్క్‌లు, వారానికోసారి గుర్తుపెట్టుకుని తీసి దాచడం చాలు. ఆఫీసులో అది నిలవదు. రోజూ గుచ్చి పీకుతుంటే ఆ చిన్న యూఎస్‌బీ కనెక్టరు కొన్నాళ్లకే వదులైపోతుంది, టేబుల్ మీంచి ఒకసారి జారితే డిస్క్ పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ పీకకపోతే అది అలా సర్వర్‌కే అంటుకుని ఉంటుంది. కార్ట్రిడ్జ్‌ని మనిషి మర్చిపోయినా స్క్రిప్ట్ బయటికి తోస్తుంది. మర్చిపోవడం వల్ల జరిగే నష్టం రేపటి బ్యాకప్ ఆగడం, అంతే. నిన్నటిది భద్రంగానే ఉంటుంది.

యూఎస్‌బీ డిస్క్ గెలిచే చోటు కూడా ఒకటుంది. దాన్ని ఏ ల్యాప్‌టాప్‌కి గుచ్చినా చదువుతుంది. ఆర్‌డీఎక్స్ కార్ట్రిడ్జ్ ఆర్‌డీఎక్స్ డాక్‌లో తప్ప ఎక్కడా పట్టదు. సర్వర్ గదిలో షార్ట్ సర్క్యూట్ అయితే సర్వర్‌తో పాటు డాక్ కూడా పోతుంది, ఇంట్లో మూడు కార్ట్రిడ్జ్‌లు బంగారంలా ఉంటాయి, వాటిని పెట్టడానికి చోటు ఉండదు. ఆర్డర్ పెడితే వస్తుంది గానీ, ఊళ్లో ఏ కంప్యూటర్ షాపులో అడిగినా అప్పటికప్పుడు దొరికే వస్తువు కాదిది. అందుకని మొదటి కొనుగోలులోనే యూఎస్‌బీ డాక్ రెండోది కూడా తీసుకుని, దాన్ని సర్వర్ పక్కన కాకుండా కార్ట్రిడ్జ్‌లు వెళ్లే ఇంట్లోనే పెట్టాలి. దానితో పాటు ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఒక లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్ ఉంటే ఏ ల్యాప్‌టాప్ మీదైనా లక్స్ తాళం తెరిచి ఫైళ్లు తీసుకోవచ్చు. రెండు మూడు నెలలకోసారి ఆ ఇంట్లో, ఆ డాక్‌తోనే, సర్వర్‌ని ముట్టుకోకుండా నాలుగు ఫైళ్లు వెనక్కి తీసి చూస్తే కార్ట్రిడ్జ్, డాక్, కాగితం మీద రాసిన పాస్‌ఫ్రేజ్ మూడింటినీ ఒకేసారి పరీక్షించినట్టవుతుంది.